మత్తుమందు తెచ్చిన మెలకువ

తలనొప్పికి మాత్ర వేసుకుంటే అరగంటలో తగ్గాలంటాం. తగ్గకపోతే ఆ మాత్ర మంచిది కాదంటాం. మరి దిగులు జబ్బుకి? "కాస్త ఓపిక పట్టమ్మా, నాలుగైదు వారాలు పోతే గుణం కనిపిస్తుంది" అంటారు డాక్టర్లు. ఓపిక లేకపోవడమే కదండీ ఆ జబ్బు! వున్న ఓపికంతా అది తినేశాకే మనిషి డాక్టరు దగ్గరికి వెళ్ళేది.

నేను చెప్పేది పులుసు మాడిపోయినందుకో, పుట్టింటికి పంపనందుకో వచ్చే దిగులు కాదు. తెల్లారితే లేవబుద్ధి కాదు. చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నా ఎత్తుకోవాలనిపించదు. మా పిన్నికి రెండో పురుడప్పుడు అలాగే అయింది. "తిని కూచుంటే ఇలాంటివే వస్తాయి" అన్నవాళ్ళున్నారు. దృష్టి తీసినవాళ్ళున్నారు. ఆఖరికి మందులు మొదలుపెట్టారు. పదిహేను రోజులు మింగి, "వీటివల్ల ఏమీ లేదే" అని ఆవిడ మాత్రలన్నీ కిటికీలోంచి పారేసింది. తేరుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.

వారాలు కాదు, గంటల్లో పనిచేసే మందుంటే ఎంత బాగుండును! అలాంటిది దొరికింది. ఎక్కడో తెలుసా? ఆపరేషన్ బల్ల మీద, మత్తుమందుల సీసాల్లో. మత్తుమందంటే మన హైదరాబాదుకి పాత చుట్టరికమే వుంది. ముందు ఆ కథ చెబుతాను.

మేముండే నాంపల్లి నుంచి ఆబిడ్స్ మీదుగా కోఠీకి నడిచే వెళ్ళొచ్చు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో వున్న ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం వల్ల ఆబిడ్స్‌కి ఆ పేరొచ్చిందని మీకు తెలిసేవుంటుంది. ఇంకాస్త ముందుకి నడిస్తే కోఠీ ఉమెన్స్ కాలేజీ. అదే ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. ఆ నిజాం రోజుల్లో అక్కడి సర్జన్ ఎడ్వర్డ్ లారీ. హైదరాబాదు మెడికల్ స్కూలు నడిపించిందీ ఆయనే.

అప్పట్లో కోతకి ముందు క్లోరోఫాం ఇచ్చేవారు. అది పీల్చినవాళ్ళలో కొందరు వున్నట్టుండి బల్ల మీదే పోయేవారు. గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అని డాక్టర్ల మధ్య పెద్ద తగువు. "నాడి కాదు, ఊపిరి చూడండి. ఊపిరి సరిగా వుంటే ప్రాణానికి భయం లేదు" అని లారీ పట్టు. 1888లో జంతువుల మీద పరీక్షలు చేయించాడు. లండన్ వాళ్ళు నమ్మలేదు. సరే, మీ మనిషినే పంపండి అని నిజాం ప్రభుత్వం వెయ్యి పౌన్లిచ్చింది. 1889లో 'లాన్సెట్' పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు ఓడెక్కి వచ్చాడు. వచ్చి, చూసి, ఆయనా లారీ మాటే బలపరిచాడు!

కానీ 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ అనే ఆయన అసలు గుట్టు బయటపెట్టాడు. క్లోరోఫాం తక్కువ మోతాదులో వున్నప్పుడు కూడా గుండె లయ తప్పి ఆగిపోవచ్చునట. అంటే లారీ చెప్పింది సగమే నిజం. కానీ మత్తిచ్చాక రోగి మీంచి చూపు తిప్పకూడదన్న ఆయన నియమం మాత్రం నిలిచింది. ఆ స్కూల్లోనే చదివి, 1889లో పట్టా పుచ్చుకుని, మత్తు ఇవ్వడమే వృత్తిగా చేసుకున్న పార్సీ వనిత రూపాబాయి ఫర్దూంజీ. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరుగా ఆవిణ్ణి చెప్పుకుంటారు. ఆబిడ్స్‌లో చీరలు బేరమాడే మనలో ఎంతమందికి ఆవిడ పేరు తెలుసు?

ఇక మన మందు దగ్గరికి వద్దాం. పేరు కెటమిన్. 1962లో అమెరికాలో కాల్విన్ స్టీవెన్స్ దీన్ని తయారుచేశాడు. 1970లో అక్కడ మత్తుమందుగా అనుమతి వచ్చింది. ఇది మామూలుగా ఊపిరిని అంతగా అణచదు. లారీ వుంటే ఎంత సంబరపడేవాడో! అందుకే పెద్ద పరికరాలు లేని చిన్న ఆస్పత్రుల్లోనూ, యుద్ధభూమిలోనూ ఎందరికో అక్కరకొచ్చింది.

2000లో యేల్ యూనివర్సిటీ వాళ్ళు దిగులు రోగులకి దీన్ని చాలా కొద్ది మోతాదులో ఇచ్చి చూశారు. మూడు రోజుల్లోనే తేడా కనిపించింది. 2006లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో కార్లోస్ జరాటే బృందం, ఏ మందుకీ లొంగని పద్ధెనిమిది మంది మీద పరీక్ష చేసింది. రెండు గంటలు తిరక్కుండానే గుణం మొదలైంది. మర్నాటికి మందు తీసుకున్నవాళ్ళలో నూటికి 71 మంది బాగా తేరుకున్నారు.

ఎలాగంటారా? పాత మందులు ఎక్కువగా సెరటోనిన్ లాంటి రసాయనాల మీద పనిచేస్తాయి. కెటమిన్ గ్లూటమేట్ అనే ఇంకో రసాయనం దారిలో వెళుతుంది. 2010లో యేల్‌లోనే రోనాల్డ్ డ్యూమన్ బృందం ఎలుకల మెదళ్ళు పరీక్షిస్తే, ఒక్క రోజులోనే నాడీకణాల మధ్య కొత్త అతుకులు మొలిచాయి. ఎండిన మల్లెతీగ ఒక్క వానకి చిగిర్చినట్టన్నమాట. మనుషుల్లోనూ ఇదే జరుగుతుందా, ఇదొక్కటేనా అన్నది ఇంకా తేలవలసే వుంది.

అయితే ఆ చిగుళ్ళు చాలామందిలో వారం తిరిగేసరికి వాడిపోతున్నాయి. మళ్ళీ మళ్ళీ ఇవ్వాలి. మందు ఎక్కినప్పుడు రక్తపోటు పెరుగుతుంది, మనిషికి తన ఒళ్ళు తనది కానట్టుంటుంది. వ్యసనమయ్యే గుణమూ వుంది, విచ్చలవిడిగా వాడితే మూత్రాశయం పాడవుతుంది. 2019లో దీని తోబుట్టువు ఎస్‌కెటమిన్‌ని ముక్కులో కొట్టుకునే మందుగా అమెరికాలో అనుమతించారు. కానీ ఇంటికి తీసుకుపోనివ్వరు. డాక్టరు దగ్గరే తీసుకుని, కనీసం రెండు గంటలు అక్కడే వుండాలి. చూశారా, మళ్ళీ లారీగారి నియమమే!

ఆ ఏడే బాలింతల దిగులుకి ప్రత్యేకంగా బ్రెక్సనలోన్ అనే మందొచ్చింది. 2024 దాకా దాన్ని అరవై గంటలపాటు నరంలోకి ఎక్కించేవారు. 2023లో జురనలోన్ అనే గుళిక వచ్చింది, పద్నాలుగు రోజులు మింగితే చాలు. పురుడు రాగానే ఒంట్లో ఒక రసాయనం ఒక్కసారిగా పడిపోతుంది. ఈ మందులు ఆ రసాయనంలాగే పనిచేస్తాయి. మా పిన్ని జబ్బు సోమరితనమూ కాదు, దృష్టీ కాదు.

ఇవి ఎవరికి వేయాలో, ఎవరికి కూడదో తేల్చవలసింది డాక్టర్లే. నాలుగు వారాల మాత్రలూ ఎందరినో నిలబెట్టినవే, వాటిని కిటికీలోంచి పారేయకండి. ఇక మీ ఇంట్లోనో పక్కింట్లోనో బాలింత గోడవైపు తిరిగి పడుకునుంటే, దృష్టి తీస్తే తీయండి, నేనొద్దనను. ఆ ఎండుమిరపకాయలు పొయ్యిలో పడేసి, చెయ్యి కడుక్కుని, ఆ పిల్లని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. ఎవరిని అడగాలో తోచకపోతే 14416కి ఫోను చెయ్యండి. అది ప్రభుత్వం వారి టెలీ మానస్, డబ్బులక్కర్లేదు. వెళ్ళొచ్చాక కూడా ఆ పిల్లని ఓ కంట కనిపెట్టి వుండండి.