పాదమునకు తగిన బూటు: మంచుమీది నాట్యమునకు పాదరక్షల చరిత్ర



మహాభారతమునందలి అనుశాసనిక పర్వమున పాదరక్షల పుట్టుకనుగూర్చి ఒక కథ కలదు. జమదగ్ని మహర్షి బాణములు వేయుచుండగా రేణుకాదేవి వానిని ఏరి తెచ్చుచుండెను. మధ్యాహ్నపుటెండకు ఆమె శిరస్సును పాదములును మాడిపోయెను. ఋషి కోపించి సూర్యునిపై విల్లెక్కుపెట్టగా, సూర్యుడు బ్రాహ్మణ రూపమున వచ్చి గొడుగును చెప్పులను ఇచ్చి ఆయనను శాంతింపజేసెను. మన దేశమున చెప్పు ఎండను తప్పించుకొనుటకు పుట్టినదని ఈ కథ చెప్పుచున్నది. నేడు నేను చెప్పబోవు పాదరక్ష శీతల దేశములలో, గడ్డకట్టిన నీటిమీద నిలుచుటకు పుట్టినది. దానిని ఫిగర్ స్కేటింగ్ బూటు అందురు.

తెలుగు పంతులునకు ఈ మంచుబూట్లతో ఏమి పనియని మీరడుగవచ్చును. నా కుమార్తె కుటుంబము అమెరికా దేశమున మిన్నెసోటా రాష్ట్రమున నివసించుచున్నది. అచ్చట శీతకాలమున చెరువులు గడ్డకట్టును. నా మనుమరాలు తొమ్మిదవ యేట ఈ విద్య నేర్వ మొదలిడెను. బూట్లు కొనవలసి వచ్చినపుడు నా సలహా నడిగిరి. "ఎదుగుచున్న పిల్ల గదా, ఒక కొలత పెద్దవి కొనుడు, రెండేండ్లు వచ్చును" అని నేను చెప్పితిని. మన యిండ్లలో చొక్కాయైనను చెప్పులైనను అట్లే కొందుము గదా! నా మాట చొప్పుననే కొనిరి. నెల తిరుగకముందే పిల్ల మడమలు బొబ్బలెక్కెను. కాలు బూటులో జారుచుండుటచే చీలమండ మెలిపడి ఒకనాడు మంచుమీద పడెను. ఎముక విరుగలేదుగాని పిల్ల వారము దినములు కుంటెను. ఆ శీతకాలముననే నేనక్కడికి పోయి ఆమెను చూచితిని. తప్పు నాది. ఆ తప్పు వెంట పోయి తెలిసికొన్నదే నేటి ప్రసంగము.

మొదట చరిత్ర. ఉత్తర ఐరోపాలో ప్రాచీన కాలమున జనులు పశువుల ఎముకలను పాదములకు కట్టుకొని మంచుపై జారుచుండిరి. 12వ శతాబ్దమున లండన్ నగరమును వర్ణించిన విలియం ఫిట్జ్‌స్టీఫెన్ అను మతగురువు, అచ్చటి యువకులు ఎముకలను కట్టుకొని, ఇనుపమొన గల కర్రలతో మంచును పొడుచుచు, ఎగురు పక్షులవలె పోవుచుండిరని వ్రాసెను. ఎముకకు అంచు లేదు. కావున కర్ర లేనిదే ముందునకు సాగుట లేదు.

పిమ్మట హాలండు దేశీయులు కొయ్యపీటకు ఇనుపబద్దను అమర్చి, దానిని తోలుపట్టీలతో మామూలు చెప్పునకే కట్టుకొనసాగిరి. బద్దకు అంచు కలదు గనుక ఆ యంచుతో మంచును ప్రక్కకు నెట్టి ముందునకు పోవచ్చును. కర్రతో పనిలేదు, చేతులకు స్వేచ్ఛ కలిగెను. ఆ దేశమున స్కీడాం పట్టణమున లిడ్వినా అను బాలిక సుమారు 1395వ సంవత్సరపు శీతకాలమున మంచుపై పడి ప్రక్కటెముక విరుగగొట్టుకొని, బ్రదికినన్నాళ్లు మంచము పట్టినది. క్రైస్తవులు ఆమెనే ఈ క్రీడ నాడువారికి రక్షకురాలిగా భావింతురు. ఈ ఆటలో పతన భయము ఆనాటినుండియు ఉన్నదే.

శతాబ్దములపాటు బద్ద వేరు, బూటు వేరు. పట్టీ వదులైనచో బద్ద ప్రక్కకు తిరుగును, బిగువైనచో రక్తము ఆడదు. ఐరోపాలో సుమారు రెండు వందల యేండ్లు సాధారణముగా బూట్లను కుడియెడమల భేదము లేకయే కుట్టుచుండిరి. 19వ శతాబ్దమున కుడికాలికి ఒక అచ్చు, ఎడమకాలికి ఒక అచ్చు మరల వాడుకలోనికి వచ్చెను.

ఆ శతాబ్దముననే జాక్సన్ హైన్స్ అను అమెరికా దేశపు నర్తకుడు 1860వ దశకమున ఐరోపాకు పోయి, వియన్నా నగరమున సంగీతమునకు అనుగుణముగా మంచుపై నాట్యమాడి ప్రజలను ముగ్ధులను జేసెను. ఉక్కుబద్దను నేరుగా బూటు అడుగునకే మరమేకులతో బిగించిన ఘనత ఇతనిదని చెప్పుదురు. హైన్స్ 1875లో ఫిన్లాండు దేశమున మరణించెను. ఆయన మార్పుచే బూటును బద్దయు ఒకటే అవయవమైనవి. అంతవరకు బూటులోని దోషమును పట్టీ కొంత సర్దుకొనెడిది. ఇక బూటు తప్పినచో ఆ తప్పు తిన్నగా మంచుమీదికి పోవును. బూటును పాదమునకు సరిగా ఎంచుకొనవలసిన అవసరము ఇందువలన పెరిగినది.

దాని కారణమును కొంత వివరింతును. బద్ద అడుగు సన్నని కాలువవలె తొలిచి యుండుటచే దానికి లోపలి అంచు, వెలుపలి అంచు అని రెండంచులు కలవు. ఆటకత్తె ఏ యంచుపై ఒరిగిన ఆ వైపునకు వృత్తము ఏర్పడును. ఒరుగుటయంతయు పాదమునుండియే కలుగును. మడమ బూటులో గోరుమందము కదలినను పాదము చెప్పినమాట బద్ద వినదు.

ఫిగర్ అనగా ఆకృతి. మంచుపై వృత్తములను, ఎనిమిది అంకెవంటి రూపములను దోషము లేక గీయుటయే మొదట ఈ విద్యకు ప్రాణము. 1892లో అంతర్జాతీయ స్కేటింగ్ సంఘము ఏర్పడెను, 1896లో సెయింట్ పీటర్స్‌బర్గులో మొదటి ప్రపంచ పోటీ జరిగెను. 1902లో మాడ్జ్ సయర్స్ అను ఆంగ్ల వనిత పురుషులతోనే పోటీపడి ద్వితీయ స్థానము పొందెను. 1908 లండన్ ఒలింపిక్సులో ఆమెయే స్త్రీల పోటీలో విజేత. తరువాత నార్వే దేశీయురాలు సోన్యా హేనీ 1928, 1932, 1936 సంవత్సరములలో వరుసగా మూడు ఒలింపిక్ స్వర్ణములు గెలిచెను. అంతవరకు స్త్రీలు నల్లని బూట్లు, గోధుమవన్నె బూట్లు తొడుగుచుండగా, తెల్లని బూట్లు లోకమున వ్యాపించుటకు ఈమెయే ముఖ్య కారణము.

ఆకృతులు గీయుటకు చీలమండ సులభముగా వంగవలెను గనుక బూటు తోలు మెత్తగా ఉండిన మేలు. దూకి గిరగిర తిరిగి ఒంటికాలిపై దిగుటకు బూటు గట్టిగా ఉండవలెను. కావుననే చాలమంది ఆకృతులకు ఒక జత, దూకుళ్లకు ఒక జత వేరువేరుగా ఉంచుకొనుచుండిరి. 1948లో డిక్ బటన్ గాలిలో రెండున్నర చుట్లు తిరిగి దిగెను. 1988లో కర్ట్ బ్రౌనింగ్ నాలుగు చుట్లు తిరిగెను. 1990లో ఆకృతుల పోటీని అంతర్జాతీయ పోటీలనుండి తొలగించిరి. 2022లో ఇల్యా మలినిన్ నాలుగున్నర చుట్లు పూర్తిచేసెను. చుట్లు పెరిగినకొలది బూట్లును గట్టిపడెను. దిగునపుడు శరీరపు బరువునకు కొన్ని రెట్లు భారము ఒక్క కాలిపై పడును. బూటు మిక్కిలి బిగుసుకొని చీలమండను వంగనీయనిచో, ఆ తాకిడి మోకాలికి, తుంటికి, నడుమునకు ప్రాకును. ఈ చిక్కు తీర్చుటకై డెలావేర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 21వ శతాబ్దారంభమున చీలమండవద్ద కీలు గల బూటునుగూడ రూపొందించిరి గాని అది అంతగా ప్రచారము పొందలేదు.

ఇక మా మనుమరాలి కథ. పిల్లను వెంటబెట్టుకొని మేము ఒక వృద్ధుడైన బూట్ల పనివానివద్దకు పోతిమి. ఈసారి లోభము విడిచి, ఎంత సొమ్మైనను వెచ్చించి, కాలికి ప్రత్యేకముగా కుట్టించుటకే నిశ్చయించుకొంటిమి. ఆ దేశమున అట్టి బూట్లకును బద్దలకును కలిపి వేయి డాలర్లు మించుట అరుదు గాదు. ఆయన పిల్లను వట్టి పాదములతో కాగితముపై నిలువబెట్టి, తానే నేలపై మోకరిల్లి, పెన్సిలుతో పాదముచుట్టును గీత గీసెను. రెండవ పాదమునకును అట్లే గీసెను, ఏలయన ఎవనికైనను రెండు పాదములు సరిసమానముగా నుండుట అరుదు. పిమ్మట వ్రేళ్ల మొదట, మీగాలివద్ద, మడమచుట్టు, చీలమండపైన నాడాతో చుట్టుకొలతలు తీసెను. పిల్ల బరువెంత, ఎన్ని చుట్లు తిరుగును, వారమునకు ఎన్ని గంటల సాధన యని అడిగెను.

అన్నియు విని, తాను ఆ బూట్లు కుట్టనని ఆయన చెప్పెను! ఎదుగుచున్న కాలికి ప్రత్యేకపు బూటు కొన్ని నెలలలోనే చాలకపోవును. ఒక్క చుట్టు తిరుగు పిల్లకు నాలుగు చుట్ల బూటు తొడిగినచో ఆమె మోకాలు వంచజాలదు. గట్టిదనమును తెలుపు అంకెలు ఒక్కొక్క తయారీదారునకు ఒక్కొక్క తీరు గనుక ఎక్కువ అంకె చూచి మోసపోరాదు. ఇది ఆయన మాటల సారము. మడమ ఇరుకై వ్రేళ్లవద్ద పాదము వెడల్పైనవారికి, రెండు పాదములు మిక్కిలి భేదించినవారికి, ఎముక పొడుచుకొని వచ్చినవారికి, ఎదుగుదల ముగిసి పెద్ద దూకుళ్లు దూకువారికి మాత్రము ప్రత్యేకముగా కుట్టించుట యుక్తమట. మా పిల్లకు సరియైన కొలతగల సిద్ధపు బూటునే ఏరి, చీలమండ యెముక తగులుచోట తోలును వేడిచేసి కొంచెము ఉబ్బజేసి యిచ్చెను. పరీక్షించు విధమునుగూడ నేర్పెను. పలుచని మేజోడుతో తొడిగి లేసులు బిగించి మోకాళ్లు వంచినపుడు మడమ పైకి లేవరాదు. వ్రేళ్లు ముడుచుకొనక చదునుగా పరచుకొనవలెను.

వేయి డాలర్ల బేరమును వలదనిన ఆ వృద్ధుని జూచినపుడు నాకు మా యూరి చర్మకారుడు జ్ఞప్తికి వచ్చెను. నా బాల్యమున ఆయన మా వాకిటికి వచ్చి, నన్ను తోలుముక్కపై నిలువబెట్టి, బొగ్గుతో పాదముచుట్టు గీత గీసి, ఆరెతో చెప్పులు కుట్టి తెచ్చెడివాడు. "బాబూ, ఒదులు చెప్పు ముల్లుకంటె చెడ్డది" అనెడివాడు. ఆ మాట ఏబదియేండ్ల తరువాత సముద్రము దాటిపోయి నేర్చుకొంటిని. శాస్త్రములు చదివిన మా యిల్లు ఆయనను వాకిలి దాటి లోనికి రానీయలేదు. నా పాదమును ఆయన ముట్టవచ్చును, మా గడపను ముట్టరాదు. ఆనాడు ఆయనకు కూర్చుండ పీట యిచ్చి ఆ మాటను మనసుపెట్టి వినియుండినచో, నా మనుమరాలు మంచుమీద పడకయుండెడిదేమో.

కావున పెద్దలారా, మీ పిల్లలకు పాదరక్షలు కొనునపుడు రెండేండ్ల లాభమును చూడక నేటి పాదమును కొలిపింపుడు. కొలుచువానిని గౌరవింపుడు. మా మనుమరాలు ఇప్పుడు పడుట మానలేదుగాని, పడిన పిమ్మట తానే లేచుచున్నది. సెలవు.