‘సిన్సియర్లీ’ తెలుగునాట నడిచిన దారి

శ్రీకూర్మంలో కూర్మనాథుని మండప స్తంభాల మీద గాంగరాజుల కాలపు శాసనాలెన్నో ఉన్నాయి. అఖండదీపం పెట్టిన దాతలు ఇచ్చిన సొమ్మెంతో రాయించి, దీపం ఆచంద్రార్కం వెలగాలని కోరి, ఆ ధర్మాన్ని శ్రీవైష్ణవుల రక్షణకు అప్పగించారు. మధ్వాచార్యుల శిష్యులు నరహరితీర్థులు యోగానంద నరసింహునికి గుడి కట్టించిన సంగతి 1281 నాటి శాసనం చెబుతోంది. భక్తి అన్న మాట అక్కడక్కడా వచ్చినా, ఆ రాతల బరువంతా చేసిన పని మీదే. మనసు స్వచ్ఛమైనదని దాత వేరే చెప్పుకోవలసిన అవసరం ఆ కాలానికి కనిపించలేదు.

రాయి నుంచి కాగితానికి వచ్చాక మర్యాదలు పెరిగాయి. ‘ఉభయకుశలోపరి’తో మొదలయ్యే జాబుల్లో ఆదరమంతా సంబోధనలోనే ఒదిగేది. 1766లో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమవడంతో, క్రమంగా కచేరీల్లోకీ బడుల్లోకీ ఇంగ్లీషు ఉత్తరం పద్ధతి దిగింది. పేరుపెట్టి పిలిచిన వారికి ‘యువర్స్ సిన్సియర్లీ’, ‘డియర్ సర్’ అన్నవారికి ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ అన్నది బ్రిటిష్ వారి ఆచారం. శుద్ధమైనది, కల్తీ లేనిది అనే అర్థమున్న లాటిన్ మూలం నుంచి వచ్చిన ‘సిన్సియర్లీ’ అన్న క్రియావిశేషణం మన చేతిలో చిత్రంగా కరిగిపోయింది. మనం ఎంచుకున్న ‘భవదీయుడు’ అంటే తమవాడు. అందులో ‘యువర్స్’ మిగిలింది, ‘సిన్సియర్లీ’ లేదు. ‘విధేయుడు’ అన్నప్పుడు అణకువ చేరింది. ఇది లోపమని నేననుకోను. మనిషిని బంధంతో కొలిచే భాష సహజంగా పట్టిన దారి అది.

నోటిమాటలో మాత్రం ‘నిజంగా’, ‘మనసారా’ ఎప్పుడూ బతికే ఉన్నాయి. నోటిమాటకు అచ్చులో గౌరవస్థానం ఇప్పించినవారు శ్రీకూర్మమున్న ఈ ఉత్తరాంధ్ర పెద్దలే. 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటకంతో విజయనగరం నుంచి గురజాడ, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టి పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి ఆ తలుపు తెరిచారు. గిడుగు 1919లో ‘తెలుగు’ పత్రికే పెట్టారు. సవరల భాషకు నిఘంటువు కూర్చిన ఆ మహనీయునికి పలికే మాట ఎవరిదైనా పవిత్రమే.

తర్వాతి తరాల్లో ఇంగ్లీషు మాటే ‘సిన్సియర్‌గా’ అయి ఇంటింటికీ చేరింది, అర్థం మార్చుకుని మరీ. ‘పిల్లాడు సిన్సియర్‌గా చదువుతున్నాడు’ అంటే శ్రద్ధగా, క్రమం తప్పకుండా అని. ‘సిన్సియర్‌గా డ్యూటీ చేస్తాడు’ అంటే ఎగ్గొట్టడని. ప్రేమ విషయంలోనే అది మళ్లీ మనసు వైపు తిరుగుతుంది. క్షమాపణకూ కృతజ్ఞతకూ మాత్రం ఈనాటికీ సభల్లో ‘మనస్ఫూర్తిగా’, ‘హృదయపూర్వకంగా’ అనే అంటున్నాం.