యుద్ధం ముగిశాక పక్షం మారిన కెంటకీ

2020 జూన్ 13న అమెరికాలోని కెంటకీ రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, శాసనసభ భవనం నుంచి జెఫర్సన్ డేవిస్ పాలరాతి విగ్రహాన్ని తొలగిస్తుంటే పీఠంలోంచి ఓ బోర్బన్ విస్కీ సీసా, 1936 నాటి దినపత్రిక బయటపడ్డాయి. విగ్రహం నిలబెట్టిన పనివాళ్ల చిలిపితనం కాబోలు! బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమికి డేవిస్ అధ్యక్షుడు. ఆ కూటమి పేరే కాన్ఫెడరసీ. డేవిస్ విగ్రహం నిలిచిన హాలు నడిమధ్యన అబ్రహం లింకన్ కంచు విగ్రహం ఉంది. ఇద్దరూ కెంటకీలోనే ఏడాది తేడాతో, సుమారు వంద మైళ్ల దూరంలో పుట్టారు.

ఇద్దరికీ చోటిచ్చారు, న్యాయంగానే ఉందిగా అనిపిస్తుంది. కానీ 1861-65 అంతర్యుద్ధంలో కెంటకీ ఏనాడూ దేశాన్ని వీడలేదు. మొదట తటస్థంగా ఉంటానంది. 1861 సెప్టెంబరులో దక్షిణాది సేనలు కొలంబస్ పట్టణంలో దిగేసరికి యూనియన్ వైపు, అంటే లింకన్ ప్రభుత్వం వైపు నిలిచింది. అవతలి పక్షంవాళ్లు బౌలింగ్ గ్రీన్‌లో పోటీ ప్రభుత్వం పెట్టుకున్నారు. దాని పుణ్యమా అని కాన్ఫెడరసీ జెండా మీది 13 నక్షత్రాల్లో కెంటకీ పేరిటా ఒకటి చేరింది. ఇళ్లకు ఇళ్లే చీలాయి. సెనేటర్ క్రిటెండెన్ కొడుకుల్లో థామస్ యూనియన్ జనరల్, జార్జ్ కాన్ఫెడరేట్ జనరల్. అయినా మొత్తం మీద యూనియన్ సైన్యంలో చేరిన కెంటకీవాసులే చాలా ఎక్కువ.

మరి గెలిచిన పక్షాన ఉన్న రాష్ట్రం ఓడినవాళ్లను ఎందుకు నెత్తికెత్తుకుంది?

యూనియన్‌లో ఉంటేనే బానిసలు చేజారరని ఇక్కడి యజమానులు లెక్కేసుకున్నారు. లింకన్ 1863 విముక్తి ప్రకటన కెంటకీకి వర్తించనే లేదు. కానీ 1864లో సైన్యం నల్లవాళ్లను చేర్చుకోవడం, చేరినవాడికి స్వేచ్ఛనివ్వడంతో లెక్క తలకిందులైంది. దాదాపు 24,000 మంది కెంటకీ నల్లజాతీయులు సైనికులయ్యారు. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణను కెంటకీ శాసనసభ తిరస్కరించింది. అది 1865లో దేశమంతటా అమల్లోకి వచ్చేసినా, ఈ రాష్ట్రం లాంఛనంగా ఆమోదించింది 1976లో!

ఆ కడుపుమంట ముందు ఓట్లలో, తర్వాత రాళ్లలో కనిపించింది. మాజీ కాన్ఫెడరేట్ జనరల్ సైమన్ బక్నర్ 1887లో గవర్నరయ్యాడు. అదే ఏడాది లెక్సింగ్టన్‌లో, ఒకప్పుడు మనుషుల్ని వేలం వేసిన చీప్‌సైడ్‌లో, మరో దక్షిణాది జనరల్ బ్రెకెన్‌రిడ్జ్ విగ్రహం లేచింది. బానిసత్వాన్ని ఎండగట్టే ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ నాటకం ఆడకుండా 1906లో చట్టమే వచ్చింది. దాని వెనుక ఉన్నది కాన్ఫెడరేట్ వారసురాళ్ల సంఘం. కెంటకీ ఓడినవాళ్ల పక్షమన్న కథ వయసులో చిన్నదే. దాన్ని పనిగట్టుకుని తయారు చేశారు.

1924 సంగతి చూడండి. డేవిస్ పుట్టిన ఫెయిర్‌వ్యూలో 351 అడుగుల కాంక్రీటు స్తంభాన్ని ఆర్భాటంగా ఆవిష్కరించారు. అదే ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్‌లోని గ్రీన్ హిల్ శ్మశానంలో, మరో మహిళా సంఘం పూనికతో, ఆ చుట్టుపక్కల నల్లజాతి సైనికుల కోసం ఓ చిన్న రాతి స్తంభం వెలిసింది. ఎత్తు సుమారు పదడుగులు. దాని మీద 142 పేర్లు చెక్కారు. ఫెయిర్‌వ్యూ స్తంభాన్ని మైళ్ల దూరం నుంచే చూడొచ్చు, దీన్ని వెతుక్కుంటూ వెళ్లాలి.

కెంటకీ నల్లజాతి సైనికుల్లో వేలమంది శిక్షణ పొందింది క్యాంప్ నెల్సన్ అనే యూనియన్ సైనిక శిబిరంలో. 1864 నవంబరులో గడ్డకట్టే చలిలో, వాళ్ల భార్యాపిల్లలు సుమారు 400 మందిని అధికారులు శిబిరం నుంచి వెళ్లగొట్టి గుడిసెలు కూల్చేశారు. వంద మందికి పైగా చనిపోయారు. పత్రికల్లో గగ్గోలు పుట్టింది, వెళ్లగొట్టినవాళ్లను వెనక్కి పిలిచి ఆశ్రయమిచ్చారు. 1865 మార్చిలో సైనికుల కుటుంబాలకూ స్వేచ్ఛనిస్తూ అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఇంత కథ నడిచిన ఆ స్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది 2018లో.