ఆస్ట్రేలియా చెట్ల సంరక్షణలో బైనాక్యులర్

ఆస్ట్రేలియాలో చెట్ల సంరక్షణ వృత్తికి బైనాక్యులర్ అవసరం అక్కడి చెట్ల ఎత్తు వల్ల కలిగింది. తెలుగు నేలలో కాగితపు గుజ్జు కోసం పెంచి కొన్నేళ్లకే నరికేసే యూకలిప్టస్ జాతి జామాయిల్‌కు ఆ దేశంలో మహావృక్షాలైన బంధువులు ఉన్నాయి. టాస్మేనియాలో 2008లో గుర్తించిన ‘సెంచూరియన్’ అనే మౌంటెన్ యాష్ చెట్టు ఎత్తు దాదాపు 100 మీటర్లు. దేశపు నైరుతి మూలనున్న కారి చెట్లు 70 మీటర్లు దాటుతాయి. అంత ఎత్తులో కొమ్మ ఎండిందో, పంగ చీలిందో కింద నిలబడ్డవారి కంటికి ఆనదు.

ఒకప్పుడు ఆ సంగతి తెలియాలంటే చెట్టెక్కడం తప్ప దారి లేదు. పశ్చిమ ఆస్ట్రేలియా అటవీ శాఖ కార్చిచ్చులను కనిపెట్టడానికి 1937–1952 మధ్య ఎనిమిది కారి చెట్లను కావలి మంచెలుగా మార్చింది. పెంబర్టన్ దగ్గరి గ్లౌస్టర్ చెట్టు వాటిలో ఒకటి. అది మంచెకు పనికొస్తుందో లేదో తేల్చడానికి 1946లో జాక్ వాట్సన్ అనే అటవీ ఉద్యోగి ముళ్ల బూట్లు, నడుము పట్టీతో 58 మీటర్లు ఎక్కాడు. మాను చుట్టుకొలత 7 మీటర్లకు పైనే. తొలి కొమ్మలు సుమారు 40 మీటర్ల ఎత్తున. ఎక్కి దిగడానికి ఆరు గంటలు పట్టింది. తర్వాత జార్జ్ రెనాల్డ్స్ మానులోకి మేకులు దిగ్గొట్టి నిచ్చెన కట్టి, అడ్డొచ్చిన కొమ్మలు నరికాడు. వారి సాహసం నిజంగా గొప్పది. అయితే ముల్లు దిగిన ప్రతిచోటా చెట్టుకు గాయమే. 1970లలో నిఘా విమానాలు రావడంతో మంచెల అవసరం తగ్గింది.

బైనాక్యులర్ అప్పటికే పాత పరికరం. ఇటలీకి చెందిన ఇన్యాజియో పోరో 1854లో పట్టకాల అమరికకు పేటెంటు పొందాడు. జర్మనీలో జైస్ సంస్థ 1894లో దాన్ని చేతిలో పట్టే జంట దుర్భిణిగా అమ్మకానికి తెచ్చింది. సైనికులు, నావికులు, పక్షులను చూసేవారు దాన్ని అందుకున్నారు. కలప వ్యాపారానికి మాత్రం విలువంతా మానులోనే ఉండేది. పై కొమ్మలు అడవిలో వదిలేసే చెత్త కనుక వాటిని శ్రద్ధగా చూడవలసిన పని కలప వ్యాపారికి పడలేదు.

నగర వీధుల్లో, పార్కుల్లో చెట్టును బతికించుకోవాలన్న పట్టుదల పెరిగాకే చూపు పైకి మళ్లింది. జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ మాటెక్ ప్రచారంలోకి తెచ్చిన, చెట్టును కంటితో పరీక్షించే విధానం 1994లో ఇంగ్లీషులో వచ్చిన ఆయన పుస్తకం ద్వారా విస్తృతంగా తెలిసింది. లోపల పుచ్చు ఉన్నచోట చెట్టు అదనపు కలప పోసుకుని ఉబ్బుతుందనీ, ఆ గుర్తులను బయటి నుంచే చదవవచ్చుననీ దాని సారం. ఆస్ట్రేలియాలో 1996లో వెలువడి 2007లో సవరించిన ఏఎస్ 4373 ప్రమాణం కొమ్మల కత్తిరింపుకు పద్ధతులు నిర్దేశించింది. కాపాడుకోవలసిన చెట్టుపై ముళ్ల బూట్లు మామూలు పనికి వాడకూడదన్నది అందులో ముఖ్యమైన నియమం. ఊరికే ఎక్కి చూడటం తగ్గాలంటే కింద నుంచి చూడటం మెరుగుపడాలి కదా!

ఈ పనికి 8×42 రకం చక్కగా సరిపోతుంది. అది ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపుతుంది, 42 మిల్లీమీటర్ల కటకం కొమ్మల నీడలోనూ తగినంత వెలుగు పట్టుకుంటుంది. అంతకంటే ఎక్కువ రెట్లయితే తలెత్తి చూసేటప్పుడు చేతి వణుకు కూడా పెద్దదవుతుంది. పరిశీలకుడు మాను చుట్టూ తిరుగుతూ బెరడు లోపలికి మడిచిపోయిన పంగలు, పుట్టగొడుగులు, చెదల దారులు, ఎండిన కొనలు వెతుకుతాడు. బదనికను పట్టుకోవడం వీటన్నిటికంటే కష్టం. ఆస్ట్రేలియాలోని పలు బదనిక జాతుల ఆకులు ఆశ్రయమిచ్చిన చెట్టు ఆకుల్లాగే వేలాడతాయి.

తొర్రల విషయంలో ఈ పరిశీలన ప్రాణుల మనుగడకు సంబంధించినది. ఆస్ట్రేలియాలో వడ్రంగిపిట్టలు లేవు. అందువల్ల చెదలు, శిలీంధ్రాలు, నిప్పు చేవను తొలిస్తేగాని యూకలిప్టస్‌లో తొర్ర పడదు. పెద్ద జంతువుకు సరిపడే తొర్రకు నూరేళ్లు దాటవచ్చు. చిలుకలు, గుడ్లగూబలు, పోసమ్‌లు సహా సుమారు 300 వెన్నెముక గల జంతు జాతులు తొర్రలను వాడుకుంటాయి. ఎండుకొమ్మ అని తొందరపడి కోసేస్తే ఒక గూడు పోతుంది. అంచు అరిగి నునుపెక్కిందా, గోళ్ల గీతలున్నాయా అన్నది బైనాక్యులర్‌లో చూసి, తొర్రలో నివాసముందేమో ముందే అంచనా వేస్తారు.

ఆ అంచనా తప్పే అవకాశమూ ఉంది. కింద నుంచి తొర్రలా కనిపించింది లోతులేని గుంట కావచ్చు. కొమ్మ పైవైపున్న అసలు తొర్ర కనపడకపోవచ్చు. వేసవిలో గాలి లేని రోజున రివర్ రెడ్ గమ్ చెట్టు పచ్చని కొమ్మనే హఠాత్తుగా వదిలేస్తుంది. దాన్ని ఏ కటకమూ ముందుగా పసిగట్టలేదు. అందుకే అనుమానం కలిగిన చోటికి తాడుతో మనిషిని పంపుతారు, ఈమధ్య డ్రోన్‌నూ ఎగరేస్తున్నారు. పైకి వెళ్లి చూడవలసిన కొమ్మ ఏదో చాలాసార్లు బైనాక్యులరే తేలుస్తుంది.