క్రేటోస్ ఒంటి మీద బూడిద: ఒక గేమ్ వెనక 2400 ఏళ్ల కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక గేమ్ క్యారెక్టర్ గురించి. గేమ్‌ప్లే టిప్స్ మాత్రం ఉండవు, స్పాయిలర్స్ ఉంటాయి, ముందే చెప్తున్నా. గాడ్ ఆఫ్ వార్‌లో క్రేటోస్ మీకు తెలిసే ఉంటాడు. గుండు, ఎర్ర టాటూ, చేతులకి గొలుసులతో చుట్టిన రెండు కత్తులు, ముఖం మీద ఎప్పుడూ కోపం. అతని ఒళ్ళు ఎందుకంత తెల్లగా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా?

నేనైతే ఆలోచించలేదు. స్కూల్ రోజుల్లో మా ఊళ్ళో గంటకింత అని తీసుకుని ప్లేస్టేషన్ 2 ఆడనిచ్చే షాపు ఒకటుండేది. డబ్బులిచ్చిన టైమ్ వేస్టవుతుందని కథ చెప్పే సీన్లన్నీ స్కిప్ కొట్టేసేవాళ్ళం. ఆ తెలుపేదో స్టైల్ అనుకున్నా. అది అతని భార్య, కూతురి బూడిద అని చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

మొదటి గేమ్ 2005లో వచ్చింది, తయారుచేసింది శాంటా మోనికా స్టూడియో. అందులో క్రేటోస్ స్పార్టా సైన్యంలో ఒక కెప్టెన్. ఒక యుద్ధంలో ఓడిపోయి, చావు మీదకొచ్చిన క్షణంలో యుద్ధ దేవుడు ఏరీస్‌ని పిలుస్తాడు. గెలిపిస్తే నా ప్రాణం నీదే అని మాటిస్తాడు. గెలిచాడు. అప్పట్నుంచి ఏరీస్ చెప్పిన ఊరల్లా తగలబెట్టడమే పని. ఒక రాత్రి ఒక పల్లెలో గుడి ముందు ఒక ముసలావిడ లోపలికి వెళ్ళొద్దని హెచ్చరిస్తుంది. వినలేదు. లోపలున్న వాళ్ళందరినీ నరికేశాడు. ఆఖరున పడిపోయిన ఇద్దరూ అతని భార్య లైసాండ్రా, కూతురు కెలయోపీ. వాళ్ళని అక్కడికి చేర్చింది ఏరీసే. ఇల్లూ వాకిలీ లేకపోతే ఇతను పూర్తిగా తన ఆయుధం అయిపోతాడని ఆ దేవుడి లెక్క. అప్పుడా ముసలావిడ శపించింది. వాళ్ళ బూడిద క్రేటోస్ చర్మానికి అంటుకుపోయింది.

ఇప్పుడు హిస్టరీలోకి వెళ్దాం. ఈ కథ వినగానే గ్రీకు నాటకాలు తెలిసినవాళ్ళకి ఒక పేరు గుర్తొస్తుంది: హెరాక్లీస్. అదేనండీ, మన హెర్క్యులీస్. క్రీ.పూ. 416 ప్రాంతంలో యూరిపిడీస్ అనే రచయిత ఏథెన్స్‌లో ఇతని మీద ఒక నాటకం రాశాడు. అందులో హెరాక్లీస్ ఇంటికి తిరిగొచ్చి, తన కుటుంబాన్ని చంపబోతున్న శత్రువుని చంపి, భార్య మెగారాని, ముగ్గురు కొడుకుల్ని కాపాడతాడు. హమ్మయ్య అనుకునేలోపు దేవతల రాణి హెరా పగబట్టి అతని మీదికి పిచ్చిని పంపుతుంది. ఆ నాటకంలో పిచ్చి కూడా ఒక దేవతే, పేరు లిస్సా. ఈ పని నాకిష్టం లేదని ఆవిడే అంటుంది. అయినా తప్పలేదు. హెరాక్లీస్ తన పిల్లల్నే శత్రువు పిల్లలనుకుని చంపేస్తాడు, భార్యని కూడా. తెలివొచ్చి చూస్తే స్తంభానికి కట్టేసి ఉంటాడు, చుట్టూ శవాలు.

చేయించింది దేవుడు, చేసింది మనిషి. మరి తప్పెవరిది? ఏథెన్స్ వాళ్ళకి ఇది కోర్టు ప్రశ్న కూడా. క్రీ.పూ. 621 ప్రాంతంలో డ్రేకో అనే ఆయన అక్కడ చట్టాలు రాశాడు. కావాలని చంపడం వేరు, అనుకోకుండా చంపడం వేరు అని ఆయన హత్య చట్టంలో తేడా ఉంది. అనుకోకుండా చంపినవాడు ఊరొదిలి వెళ్ళిపోవాలి. చనిపోయినవాళ్ళ దగ్గరి బంధువులంతా ఒప్పుకుని క్షమిస్తే తిరిగి రావచ్చు. ఆ చట్టాన్ని క్రీ.పూ. 409లో మళ్ళీ రాతి మీద చెక్కించారు, ఆ రాయి ఇప్పటికీ ఏథెన్స్ మ్యూజియంలో ఉంది. హత్య చేసినవాడికి అంటుకునే దోషాన్ని గ్రీకులు మియాస్మా అనేవాళ్ళు. మన ఇళ్ళల్లో మైల అంటారు చూడండి, కొంచెం అలాంటిది. క్రేటోస్ బూడిద చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

కానీ చంపింది సొంతవాళ్ళనే అయితే క్షమించేదెవరు? క్రేటోస్ పదేళ్ళు దేవుళ్ళకి ఊడిగం చేశాడు, ఆ పీడకలలు పోవాలని. ఏరీస్‌ని చంపితే పాపం క్షమిస్తామన్నారు. చంపాడు. క్షమించారు కూడా. పీడకలలు మాత్రం పోలేదు. తట్టుకోలేక కొండ మీద నుంచి దూకేశాడు. దేవుళ్ళు చావనివ్వలేదు. ఆ తర్వాత 2010లో వచ్చిన మూడో గేమ్‌కల్లా జ్యూస్‌తో సహా ఒక్కొక్క దేవుణ్ణీ చంపుకుంటూ పోయాడు. మధ్యలో హెర్క్యులీస్‌ని కూడా! ప్రపంచం మునిగిపోయింది, బూడిద అలాగే ఉంది.

హెరాక్లీస్ కూడా చచ్చిపోదామనుకున్నాడు. అప్పుడు స్నేహితుడు థీసియస్ వస్తాడు. నా మైల నీకు అంటుతుందని హెరాక్లీస్ ముసుగేసుకుంటే, థీసియస్ ఆ ముసుగు తీయించి, చెయ్యి పట్టుకుని, నాతో ఏథెన్స్ రా అంటాడు. అంతే. హెరా మీద యుద్ధం లేదు. వెళ్ళేముందు పిల్లల్ని చంపిన ఆ విల్లు ఉంచుకోవాలా, పారేయాలా అని హెరాక్లీస్ చాలాసేపు ఆలోచిస్తాడు. ఆఖరికి బాధపడుతూనే తీసుకెళ్తాడు.

2018 గేమ్ ఆడినవాళ్ళకి ఇక్కడ ఒళ్ళు జలదరించాలి. అందులో క్రేటోస్ ఆ పాత కత్తుల్ని ఇంటి నేల కింద దాచేస్తాడు. కొడుకు అట్రియస్ ప్రాణం మీదికొచ్చినప్పుడు మళ్ళీ తవ్వి తీస్తాడు. నువ్వు ఎప్పటికీ రాక్షసుడివే అని ఎథీనా రూపం ఎత్తిపొడిస్తే, కాదు అనడు, ఒప్పుకుంటాడు. ఒప్పుకునే కొడుకుని కాపాడ్డానికి వెళ్తాడు. ఇంతకీ ఆ గేమ్ మొత్తం దేనికోసం? రెండో భార్య ఫే బూడిదని కొండ మీద నుంచి గాలిలో కలపడానికి. మొదటి బూడిద ఒంటికి అంటుకుంది, ఈ బూడిదని కొడుకుతో కలిసి వదిలాడు.

నా మాట ఒకటి చెప్పి ముగిస్తా. మా తాతయ్య పోయిన రోజు సాయంత్రం ఆయన దగ్గర్నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. మ్యాచ్ మధ్యలో ఉన్నా, తర్వాత చేద్దాంలే అనుకున్నా. ఆ తర్వాత నెలంతా నాన్న మీద అరిచా, హాస్పిటల్‌కి ముందే ఎందుకు తీసుకెళ్ళలేదని. నాన్న తిరిగి ఒక్క మాటనలేదు. రాజమండ్రిలో గోదావరిలో అస్థికలు కలిపి మెట్లెక్కుతున్నప్పుడు ఫోన్ సంగతి నాన్నకి చెప్పా. నాన్న ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని పైకి నడిపించాడు.

పగ అంటే మన తప్పు బరువుని ఇంకొకరి నెత్తిన పెట్టాలని చూడటమే అని నాకప్పుడు అర్థమైంది. ఎంతమంది మీద పెట్టినా అది తగ్గదు. ఎవరికైనా చెప్పుకుంటే మాత్రం, మోయడానికి ఇంకో చెయ్యి దొరుకుతుంది.

ఈసారి గేమ్ ఆడేటప్పుడు ఆ సీన్లు స్కిప్ కొట్టకండి. ఇంట్లోంచి ఫోనొస్తే గేమ్ పాజ్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.