ఒక గది, ఒక చీటిగుడ్డ

కొత్తగా అపార్ట్‌మెంట్‌లోకి మారిన ఇల్లాలిని ఎవరినైనా అడిగి చూడండి. సామాను సర్దడం రెండు రోజుల పనే. అసలు బెంగ ఆ తర్వాత మొదలవుతుంది. గోడలన్నీ తెల్లగా, బోసిగా కనిపిస్తాయి. పక్క ఫ్లాటులోనూ అవే గోడలు, అవే కిటికీలు; పై అంతస్తులోనూ అంతే. అడ్వాన్సు, లారీ కిరాయి, కరెంటు పనివాడి కూలి పోగా చేతిలో మిగిలేది కొంచెం. ఆ కొంచెంతో ఇది మన ఇల్లు అనిపించడం ఎలా? షాపుకు వెళితే సోఫా, కర్టెన్లు, దిండు గలీబులు అన్నీ కలిపి ఒక సెట్టుగా చూపిస్తారు. అది కొని తెచ్చామా, ఇల్లు అచ్చం షాపులాగే ఉంటుంది.

ఇదేదో మన కాలానికే వచ్చిన చిక్కు అనుకుంటాం. కాదండీ. మూడున్నర శతాబ్దాల కిందట లండన్‌లో ఒక ఇల్లాలికి కూడా ఇలాంటి ముచ్చటే కలిగింది. దాన్ని తీర్చింది మన దేశపు గుడ్డ.

ఆవిడ పేరు ఎలిజబెత్. భర్త శామ్యూల్ పీప్స్ నౌకాదళం ఆఫీసులో ఉద్యోగి. వాళ్ళున్నది ఆఫీసువారిచ్చిన ఇల్లు, మన భాషలో చెప్పాలంటే క్వార్టర్సు. పీప్స్ రోజూ డైరీ రాసేవాడు. ఏం తిన్నాడో, ఎంత ఖర్చుపెట్టాడో, భార్యతో ఎందుకు పోట్లాడాడో అన్నీ అందులో ఉన్నాయి. 1663 సెప్టెంబరు 5న భార్యతో, ఒక స్నేహితుడితో కలిసి కార్న్‌హిల్ బజారుకు వెళ్ళాడట. చాలాచోట్ల చూసి చూసి, చివరికి ఎలిజబెత్ కొత్త గది గోడలకు కట్టడానికి రంగులద్దిన ఇండియా నూలుగుడ్డ కొన్నాడట. చాలా అందంగా ఉందని కూడా రాసుకున్నాడు. ఆ "చూసి చూసి" అన్న మాట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. చీరల కొట్టు ముందు చెప్పులు చూసుకుంటూ నిలబడే మన మగవాళ్ళు గుర్తొచ్చారు.

ఆ రోజుల్లో గొప్పవాళ్ళు గోడలకు ఉన్నితో నేసిన బొమ్మల తెరలు, బంగారు పూత పూసిన తోలు వేలాడదీసేవారు. జీతం మీద బతికేవాళ్ళకు అవెక్కడి నుంచి వస్తాయి? రంగుల నూలుగుడ్డ వాటికంటే చవక, తేలిక, పైగా ఉతుక్కోవచ్చు. ఎలిజబెత్ ఇల్లంతా మార్చలేదు. తనకంటూ ఉన్న ఒక్క గది, దానికి ఒక్క గుడ్డ.

ఆ గుడ్డనే ఇంగ్లీషువాళ్ళు చింట్జ్ అన్నారు. మన అమ్మమ్మలు చీటిగుడ్డ అనేవారే, అదే. మంచం మీద పరిచే పెద్ద దుప్పటిని వాళ్ళు పాలంపోర్ అన్నారు. పలంగ్‌పోష్ అన్న మాట వాళ్ళ నోట్లో పడి అలా అయింది. ఇవి ఎక్కువగా గుజరాత్ నుంచి, మన కోరమండల్ తీరం నుంచి ఓడలెక్కేవి. గోల్కొండ నవాబుల ఏలుబడిలో మచిలీపట్నం పెద్ద రేవు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో అక్కడ దిగారు. వచ్చింది ప్రధానంగా గుడ్డల కోసమే.

మన గుడ్డలో అంత గొప్పేమిటంటారా? రంగు పోకపోవడం. నూలుగుడ్డకు నిలిచే రంగు ఎలా పట్టించాలో అప్పటికి యూరపువాళ్ళకు సరిగా తెలియదు. మనవాళ్ళు ముందు గుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టేవారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో ఊరబెడితే నలుపు వచ్చేది. పటిక నీళ్ళతో గీతలు గీసి, చిరివేరుతో ఉడికిస్తే గీసిన చోటల్లా ఎరుపు తేలేది. నీలిమందులో ముంచేటప్పుడు మిగతా భాగానికి మైనం పూసేవారు. మధ్యమధ్య పారే నీళ్ళలో జాడించడం, ఎండబెట్టడం, మళ్ళీ మొదలు. కరక్కాయ, బెల్లం, పటిక, పాలు... ఏది చూసినా మన వంటింట్లోనో, పెరట్లోనో, పచారీ కొట్లోనో దొరికేదే. చేతి నేర్పు మాత్రం దొరికేది కాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కలంకారీ అనగానే తెల్లటి నేల మీద వంపులు తిరిగిన చెట్టు, కొమ్మకో రకం పువ్వు మనకు కళ్ళ ముందు మెదులుతాయి. అది పూర్తిగా మన పాతకాలపు పద్ధతి అనుకుంటే పొరపాటు. 1643లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ పెద్దలు ఇండియాలోని తమ మనుషులకు ఉత్తరం రాశారు. ముదురెరుపు నేల గుడ్డలు ఇక్కడివారికి అంతగా నచ్చడం లేదు, ఇకమీదట తెలుపు ఎక్కువగా ఉంచి, మధ్యలో పువ్వులూ కొమ్మలూ వేయించి పంపండి అని దాని సారాంశం. చిత్రకారుడి ఇష్టానికే కొంత వదిలేశారు కూడా. మన పనివాళ్ళు ఎప్పుడూ చూడని పువ్వులను కూడా తమకు తోచినట్టు వేశారు. పారసీకపు తీగ, దూరదేశపు పువ్వు, మన చేతి గీత కలిసి ఒక కొత్త అందం పుట్టింది. అందుకే "ఇది మన సంప్రదాయానికి సరిపోతుందా?" అని కర్టెను ముందు తలపట్టుకునే వాళ్ళను చూస్తే నాకు కొంచెం జాలేస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత వచ్చింది గొడవ. డేనియల్ డిఫో అనే రచయిత, రాబిన్సన్ క్రూసో రాసినాయనే, 1708లో ఈ గుడ్డల మీద విరుచుకుపడ్డాడు. మెల్లగా ఇళ్ళలోకి దూరి, కర్టెన్లు, మెత్తలు, కుర్చీలు, ఆఖరికి పడకలు కూడా ఆక్రమించాయని ఆయన బాధ. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళకు పని పోయిన మాట నిజం. 1701 నుంచే ఇండియా అద్దకం గుడ్డలు ఇంగ్లండులో వాడకూడదన్న చట్టం అమల్లోకి వచ్చింది. తెల్లగుడ్డ తెప్పించుకుని అక్కడే అద్దుకోవడం మొదలుపెట్టారు. 1719లో లండన్ నేతగాళ్ళు వీధుల్లో ఆడవాళ్ళ ఒంటి మీది నూలుగౌన్లను చింపారు, సిరా చల్లారు, కొన్నిచోట్ల యాసిడ్ కూడా పోశారు. తెప్పించిన వర్తకుడు ఇంట్లో భద్రంగానే ఉన్నాడు. దెబ్బ తిన్నది చవగ్గా దొరికిందని కొనుక్కున్న ఆడది. 1721లో ఇంకో చట్టం చేసి, అద్దకపు నూలుగుడ్డ కట్టినవాళ్ళకు 5 పౌన్లు జరిమానా పెట్టారు. ఇళ్ళలో కర్టెన్లకు, పడకలకు వాడడం కూడా నేరమే అన్నారు. ఫ్రాన్సులోనూ 1686 నుంచి 1759 దాకా నిషేధమే. అయినా ఆడవాళ్ళు మానలేదు.

మానలేదనడానికి ఒక పెద్దింటి కథే ఉంది. డేవిడ్ గారిక్ ఆ కాలపు గొప్ప నటుడు. భార్య ఈవా మరియా ఒకప్పుడు నర్తకి. కలకత్తాలో నాటకశాల పెట్టుకోవడానికి సాయం చేశాడన్న కృతజ్ఞతతో అక్కడి వర్తకులు వాళ్ళకు కోరమండల్ తీరపు అద్దకం పడక తెరలు కానుకగా పంపారు. 1775లో కస్టమ్సువాళ్ళు వాటిని పట్టుకుపోయారు. పాపం, ఆవిడ అప్పటికే వాటికి పొందికగా గోడ కాగితాలు, కుర్చీలు సిద్ధం చేసుకుంది. భార్య ఏడుపు చూడలేకుండా ఉన్నానని గారిక్ అధికారులకు అర్జీ పెట్టుకున్నాడు. చివరికి తెరలు చేతికొచ్చాయి. ఆ పడక ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. ఇంగ్లండులో మిల్లులు లేచాయి, మన పువ్వులనే యంత్రాల మీద అద్ది మనకే అమ్మారు. లండన్ నేతగాడు ఏడ్చిన ఏడుపు బందరు అద్దకంవాడికి వచ్చింది, ఇతని కోసం ఎవరూ చట్టం చేయలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారి పట్టుదల వల్ల కలంకారీ మళ్ళీ ఊపిరి పోసుకుంది. కాళహస్తిలో కలంతో గీసే పని, మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో అద్దే పని నేటికీ సాగుతున్నాయి.

కొనేటప్పుడు ఒకటి గమనించండి. చేతి అచ్చుతో వేసినదైతే అచ్చూ అచ్చూ కలిసేచోట వెంట్రుకవాసి తేడా కనబడుతుంది. అది లోపం అనుకుని పక్కన పెట్టకండి. తొలిసారి విడిగా ఉతకండి, నీడలో ఆరేయండి. ఇంటి నిండా ఒకేసారి కొనాలనే తొందర కూడా వద్దు. ఎలిజబెత్ మొదలుపెట్టింది ఒక్క గదితోనే కదా.

మా ఫ్లాటులోకి మారినప్పుడు నేను కొన్నది పెడన గుడ్డ నాలుగు మీటర్లు. హాలు కిటికీకి కర్టెను కుట్టగా మిగిలినదాంతో రెండు దిండు గలీబులు వచ్చాయి. మూడోదానికి గుడ్డ చాలలేదు. ఇంకో మీటరు కోసం పెడన దాకా ఎవరు వెళతారని, మా అత్తగారి పాత నేరేడురంగు చీర కొంగు కత్తిరించి కుట్టేశాను. మొన్న మా చెల్లెలు వచ్చి అంతా కలయజూసి, "ఆ మూడోది ఎక్కడ కొన్నావే అక్కా?" అని అడిగింది.