కళాపూర్ణోదయం: రెండు చదువులు, ఒక తోట

ఒక కావ్యం మీద వ్యాసం రాయమంటే మనలో చాలామంది ముందు కథ చెబుతాం. తర్వాత నచ్చిన పద్యాలు నాలుగు ఎత్తి చూపి ‘ఆహా’ అంటాం. రెండూ కావలసినవే. అయితే ‘ఈ కావ్యం ఇలాగే ఎందుకుంది?’ అని అడిగినప్పుడే అసలు వ్యాఖ్యానం మొదలవుతుంది. తెలుగులో ఆ ప్రశ్నను పట్టుదలగా అడిగిన తొలితరం వాళ్ళలో కట్టమంచి రామలింగారెడ్డి ఒకరు. ఆయన ‘కవిత్వతత్త్వవిచారము’ 1914లో వచ్చింది. అప్పటికి ఆయనకు 34 ఏళ్ళు నిండలేదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోనూ, కేంబ్రిడ్జిలోనూ చదివారు. పరిశీలనకు ఆయన ఎంచుకున్నది 16వ శతాబ్దపు పింగళి సూరన రాసిన ‘కళాపూర్ణోదయం’.

ఈ ఎంపికలోనే సగం వాదన ఉంది. చాలా ప్రబంధాల కథను రెండు వాక్యాల్లో చెప్పేయొచ్చు, మిగతాదంతా వర్ణన. కళాపూర్ణోదయం అలా లొంగదు. ద్వారకలో కలభాషిణి ఉయ్యాల ఊగుతుండగా ఆకాశంలో నారదుడు, మణికంధరుడు వస్తుంటారు. రంభా నలకూబరుల విమానం కనిపిస్తుంది. అక్కడినుంచి మారువేషాలు, ఇద్దరు రంభల తగవు, సింహమెక్కి తిరిగే సిద్ధుడు, జన్మాంతరాలు. ఇవన్నీ విడివిడి ముడులనుకుంటూ పోతాం. చివరికి పసిపాప మధురలాలస నోరు విప్పి పూర్వజన్మ సంగతి చెబితే ముడులన్నీ ఒకే దారానివని తెలుస్తుంది. ఆ దారం కొస బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథలో ఉంది.

కట్టమంచి వారికి కావలసింది ఇదే. కవిత్వానికి ప్రాణం అలంకారం కాదనీ, భావనాశక్తి, కథ నడిచే తీరు, పాత్రల స్వభావం ముఖ్యమనీ ఆయన వాదన. ఆ కొలతలు చాలావరకు ఇంగ్లీషు విమర్శ చదివి తెచ్చుకున్నవి. వాటితో తూచినప్పుడు సూరన పైకి లేచాడు, వర్ణనల మోజులో పడ్డ ప్రబంధకవులు కిందికి దిగారు.

దీనివల్ల లాభం పెద్దదే. ‘లక్షణగ్రంథాలు ఒప్పుకుంటాయా?’ అన్న ప్రశ్న పక్కకు జరిగి, ‘ఈ సన్నివేశం ఇక్కడ ఎందుకు?’ అన్నది ముందుకొచ్చింది. నష్టమూ ఉంది. వర్ణన అంటే కథకు అడ్డం అనే అభిప్రాయం మన పాఠ్యపుస్తకాల దాకా పాకింది. ప్రబంధాలు తెరిచి చూడనివాళ్ళు కూడా వాటిని ‘క్షీణయుగపు సాహిత్యం’ అనడం నేర్చుకున్నారు. ఒక విమర్శకుడి ప్రశ్న తరవాతి తరాలకు తీర్పైపోతే జరిగేది ఇదే.

2002లో అదే కావ్యాన్ని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఇంగ్లీషులోకి తెచ్చారు. కొలంబియా యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ఇంగ్లీషు పేరును తెలుగులో ‘ముద్దు సవ్వడి, లేదా ఎన్నడూ చెప్పకూడని కథ’ అనొచ్చు. వాళ్ళు దీన్ని నవలలాంటి రచనగా చదివారు. పైనుంచి తెచ్చిన కొలతలకు సూరన సరిపోతాడా అని అడగకుండా, 16వ శతాబ్దపు తెలుగులోనే కొత్త రకం మనిషి, కొత్త రకం కథనం ఎలా పుట్టాయని అడిగారు. కావ్యం మారలేదు, ప్రశ్న మారింది.

అయితే ఏ వ్యాఖ్యానమైనా చెల్లుతుందా? చెల్లదు. దానికి సుగాత్రీ శాలీనుల కథే సాక్ష్యం. శాలీనుడు ఇల్లరికపు అల్లుడు. నగలతో ముస్తాబై వచ్చిన భార్య సుగాత్రి వైపు కన్నెత్తి చూడడు. అత్తగారు విసుగెత్తి అతన్ని తోటపనికి పంపుతుంది. ఒకనాడు సుగాత్రి నగలు తీసేసి, తోటలోకి వెళ్ళి అతనితోపాటు పనిచేస్తుంది. అప్పుడు అతని మనసు కదులుతుంది.

దీన్ని కవిత్వం గురించి సూరన చెప్పిన మాటగా చదవాలని ఎవరికైనా అనిపిస్తుంది: అలంకారం కన్నా సహజ సౌందర్యం మిన్న అని. బాగానే ఉంది. కాని ఆ తోటలో మారినవి రెండు. నగలు పోయాయి, చేతికి పనొచ్చింది. అతన్ని కదిలించింది ఒంటిమీద నగ లేకపోవడమా, తన కష్టంలో ఆమె పాలుపంచుకోవడమా? మొదటిదంటే ఇది అందం గురించిన కథ. రెండోదంటే దాంపత్యం గురించిన కథ. నేను రెండోదానివైపే మొగ్గుతాను. అత్తగారు పంపిన చాకిరీని సూరన ఊరికే పెట్టలేదు. అందం మాత్రమే చెప్పాలంటే నగలు పడకగదిలోనే తీయించొచ్చు, తోట అక్కర్లేదు. మొదటి అర్థం చెప్పేవాళ్ళు ఆ తోట ఎందుకో చెప్పాలి, నేను ఆ నగలు ఎందుకో చెప్పాలి. వ్యాఖ్యానం నిలబడేది అలాంటి జవాబుదారీతనం మీదే.

సూరన ‘రాఘవపాండవీయం’ రాసినవాడు కూడా. ఒకే పద్యంలో రామాయణ భారతాలు రెండూ నడిపినవాడికి, పాఠకుడు రెండు దారుల్లో నడవగలడని తెలియదా? అందుకే, పరీక్షల కోసం ఎప్పుడో బట్టీపట్టిన అభిప్రాయాన్ని పక్కనపెట్టి కళాపూర్ణోదయం ఒకసారి తెరవండి. మొత్తం చదివే ఓపిక లేకపోతే సుగాత్రి తోటలోకి వెళ్ళే ఘట్టం ఒక్కటి చాలు. మీకు నగలు కనిపించాయో, పని కనిపించిందో రాసుకోండి. మీ వ్యాసానికి మొదటి వాక్యం అదే.